పాలకాయతిప్ప దాటాక
విశాఖలో కొండ దిగితే సముద్రం. మన కృష్ణా తీరంలో కొండల్లేవు. ఇసుక దిబ్బలు, మడ అడవులు ఉన్నాయి. కోడూరు మీదుగా వెళ్లి, హంసలదీవి వేణుగోపాలస్వామిని దర్శించుకుని, పాలకాయతిప్ప దాటితే కృష్ణమ్మ సాగరంలో కలిసే చోటు.

చాలామంది అక్కడ స్నానం చేసి, ఫొటో దిగి వచ్చేస్తారు. ఈసారి మడచెట్ల దగ్గర కాసేపు ఆగండి. బురదలోంచి పుల్లల్లా పొడుచుకొచ్చినవి వాటి ఊపిరి వేళ్లు. పోటుకు మునుగుతాయి, పాటుకు తేలతాయి. ఆ వేళ్ల మధ్యే రొయ్య పిల్లలు, పీతలు పెరుగుతాయి. రాత్రిళ్లు బావురుపిల్లి చేపల వేటకు దిగుతుంది.

1977 నవంబరు 19 ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకున్న ఈ దివిసీమకు, అలల తాకిడిని తగ్గించే ఈ అడవి విలువ ఒకరు చెప్పాలా? అయినా చెరువుల కోసం మడను నరికిన చోట్లున్నాయి. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఈ సంచికను తీరానికే కేటాయించింది అందుకే.

వెళ్లేవాళ్లు పోటు వేళలు అక్కడి జాలర్లను అడిగి నీళ్లలో దిగండి.