మొదటి పది నిమిషాలు పొరుగువాడివే

గ్రాంట్ రోడ్ స్టేషన్ తూర్పు వైపు దిగి కొంత దూరం నడిస్తే కామాటిపుర వస్తుంది. నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెల నుంచి వచ్చి రాళ్ళు మోసి, రోడ్లు వేసి, భవనాలు కట్టిన కూలీలను ఇక్కడ కామాటీలన్నారు. ఆ పేరే ఈ పేటకు నిలిచింది. వారి వారసులు చాలామంది నేటికీ ఇక్కడి చాళ్లలో ఒకే గదిలో వండుకుని, తిని, పడుకుంటున్నారు. పొయ్యి పక్కనే పసిపిల్లలు ఆడుకునే ఇళ్ళలో కాలిన గాయాలు, తెగిన గాయాలు అరుదు కావు.

జె.జె. ఆస్పత్రి, నాయర్ ఆస్పత్రి రెండూ దగ్గరే ఉన్నాయి. అయితే ఆస్పత్రి దగ్గరుండటం వేరు, గాయపడ్డ మనిషి ప్రాణంతో అక్కడికి చేరడం వేరు. అంబులెన్స్ ఆ ఇరుకు గల్లీలోకి వచ్చేదాకా ఉన్న నిమిషాలు పక్కింటివారి చేతుల్లోనే ఉంటాయి. ఆ చేతులకు పని తెలియాలి. అందుకే ప్రథమ చికిత్స నేర్చుకోవడం కూడా సంఘ పరిచర్యేనని ఈ సంపాదకీయం చెప్పదలచింది.

రక్తస్రావంతో మొదలుపెడదాం. శుభ్రమైన బట్టను గాయం మీద పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కి పట్టాలి. ఆగిందా లేదా అని మాటిమాటికీ తీసి చూడకూడదు. కనీసం పది నిమిషాలు వదలకూడదు. బట్ట తడిసిపోతే దానిపైనే మరొకటి వేసి ఇంకా గట్టిగా నొక్కాలి. గాజు ముక్కో ఇనుప చువ్వో లోపల దిగి ఉంటే లాగవద్దు, దాని చుట్టూ నొక్కాలి. చేతికి గ్లవుజు లేకపోతే ప్లాస్టిక్ సంచి తొడుక్కుంటే చాలు.

‘షాక్’ అనగానే మనకు కరెంటో, చెడు కబురు విని కూలబడటమో గుర్తొస్తుంది. డాక్టర్లు చెప్పే షాక్ వేరు. రక్తం గానీ ఒంట్లోని నీరు గానీ బాగా పోయి, మెదడుకూ మిగతా అవయవాలకూ చాలినంత రక్తం అందని స్థితి అది. పెద్దవాళ్ళ ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో ఒక లీటరు పోతే ప్రమాదం ముంచుకొచ్చినట్టే. ఒళ్ళు పాలిపోయి చల్లబడుతుంది, చెమట పడుతుంది, నాడి వేగంగా, బలహీనంగా కొట్టుకుంటుంది. దాహం అంటారు. చుట్టూ చేరినవారు నీళ్ళు తాగించబోతారు, తాగించనివ్వకండి. వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళకూ వెన్నుకూ దెబ్బ లేకపోతే కాళ్ళు కొంచెం ఎత్తులో ఉంచి, దుప్పటి కప్పి, 108కి ఫోన్ చేయాలి.

కాలిన గాయానికి మొదటి మందు నీళ్ళే. 20 నిమిషాల పాటు చల్లని నీళ్ళు పోస్తూనే ఉండాలి. ఐసు వద్దు. టూత్‌పేస్టు, పసుపు, కాఫీ పొడి, సిరా ఏదీ పూయవద్దు. వాటిని గీకి శుభ్రం చేసేటప్పుడు రోగి పడే బాధ రెట్టింపవుతుంది. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు, మెట్టెలు తీసేయాలి. ఒంటికి అంటుకుపోయిన బట్టను మాత్రం లాగకూడదు. శుభ్రమైన బట్ట వదులుగా కప్పి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. కుళాయి వేళకే వచ్చే చాళ్లలో ఒక బకెట్ నీళ్ళు ఎప్పుడూ నింపి ఉంచుకోవడం మంచిది.

కమిలిన దెబ్బకు, బెణుకుకు మొదటి రోజు మర్దన, వేడి కాపడం వద్దు. కదలకుండా ఉంచి, చల్లని తడిబట్ట వేసి, దెబ్బ తగిలిన భాగాన్ని ఎత్తులో పెట్టాలి.

ఇవన్నీ ఒక ఆదివారం సాయంత్రం నేర్చుకోగలిగినవే. అంతకంటే కష్టమైన ప్రశ్న మరొకటి ఉంది. ఎవరి రక్తాన్ని ముట్టుకుంటాం? యెరికో దారిలో యాజకుడూ లేవీయుడూ పక్కగా వెళ్ళిపోయారు. అంటు అవుతుందన్న భయం కూడా వారిని ఆపి ఉండవచ్చు. అంటు అనే మాట మన జనానికి ఎంత గాయం చేసిందో వేరే చెప్పనక్కరలేదు. ఆ గాయం ఎరిగిన మనమే, కామాటిపుర గల్లీలో దెబ్బతిని పడి ఉన్న స్త్రీని ఆమె వృత్తిని బట్టి దాటిపోతే, యాజకుడి వెనకే నడిచినట్టు. సమరయుడు ఆ మనిషి ఎవరని అడగలేదు. నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు.

2022 జనవరి 22 ఉదయం గ్రాంట్ రోడ్ స్టేషన్‌కు ఆ పక్కనే, తాడ్‌దేవ్‌లోని కమలా బిల్డింగ్ పై అంతస్తుల్లో మంటలు లేచాయి. ఆ రోజే ఆరుగురు చనిపోయారు. గాయపడ్డవారిని కొన్ని ప్రైవేటు ఆస్పత్రులు చేర్చుకోలేదన్న ఆరోపణలూ వచ్చాయి. ఇరవై అంతస్తుల భవనంలోని వారికే ఆ మాట వినవలసి వస్తే చాల్ నుంచి వెళ్ళేవారి సంగతేమిటి? ప్రమాదంలో ఉన్నవారికి వెంటనే వైద్యం చేయడం ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లందరి బాధ్యతని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. యాసిడ్ దాడికి, అత్యాచారానికి గురైనవారికి ఏ ఆస్పత్రయినా ఉచితంగా ప్రథమ చికిత్స చేసి తీరాలని చట్టమే ఉంది. ఈ మాటలు ఆస్పత్రి గుమ్మం దగ్గర ధైర్యంగా చెప్పగలగాలి.

పోలీసు కేసు అవుతుందని వెనుకాడేవారూ ఉన్నారు. రోడ్డు ప్రమాదంలో సాయం చేసినవారిని వేధించకుండా 2016 మార్చి 30న సుప్రీంకోర్టు రక్షణ కల్పించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది. ఆ చట్టంలో అలా సాయపడేవారిని ‘గుడ్ సమారిటన్’ అన్నారు, అంటే మన మంచి సమరయుడే. చట్టం మన గ్రంథంలోని మాటను అరువు తెచ్చుకుంది. మనం ఆ మాటను ఆచరణలో పెడుతున్నామా?

1859లో సోల్ఫెరినో యుద్ధం తర్వాత హెన్రీ డ్యునాంట్ అనే క్రైస్తవ యువకుడు పక్క ఊరి చర్చిలో గాయపడ్డ సైనికులకు సేవ చేశాడు. ఆ ఊరి స్త్రీలు ఇరు పక్షాలవారికీ తేడా లేకుండా కట్లు కట్టారు. రెడ్‌క్రాస్ అక్కడి నుంచే పుట్టింది. ఆ రోజు ఆ చర్చి నేల ఆస్పత్రి అయింది.

యౌవనులారా, మీ సంఘంలో ఈ పని మొదలుపెట్టండి. సెయింట్ జాన్ అంబులెన్స్, రెడ్‌క్రాస్ ప్రథమ చికిత్స శిక్షణ ఇస్తాయి. వారిని పిలవండి. చాల్‌లో ప్రతి అంతస్తుకూ నేర్చినవారు ఒకరైనా ఉండాలి. చర్చిలో కానుకల పెట్టె పక్కన కట్టుబట్టల పెట్టె కూడా ఉండాలి. దాన్ని తెరవడానికి ఎదుటివారి మతం, కులం, వృత్తి అడగకండి.