ఆపరేషన్‌కు కార్డుంది, ఆరాముకు ఏముంది?

నర్సింహులపేట మండలంలో ఇండ్లకు పోయి ఫిజియోథెరపీ చేస్తాను. వెన్నుపూస ఆపరేషనై వచ్చినవాళ్లే నాకు ఎక్కువ. ఒకే తీరు ఆపరేషన్ అయిన ఇద్దరి సంగతి చెప్తాను. ఒకాయన రిటైరైన సారు. నెల తిరిగేసరికి పెన్షన్ పడుతుంది, కోడలు వండి పెడుతుంది. ఇప్పుడు పొద్దున్నే నడకకు పోతున్నాడు. ఇంకొకామె కైకిలి చేసుకునే పెద్దమ్మ. షుగర్ ఎప్పటినుంచి ఉందో ఆమెకే తెల్వదు. కుట్ల దగ్గర చీము పట్టింది. అది మాని మానకముందే మిరపకాయలు ఏరుడు మొదలైంది. “వంగొద్దంటివి బిడ్డా, వంగకుంటే కాయ ఎట్ల ఏరాలె?” అని నన్నే అడిగింది. నడుముకు బెల్టు బిగించి, దానిమీద కొంగు చెక్కుకొని చేనుకు పోయింది.

ఈ ఇద్దరి తేడాకు డాక్టర్ పనితనం కారణం కాదు. షుగర్ అదుపులో లేకుంటే గాయం తొందరగా మానదు, ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. స్క్రూలు వేసినా అవి పట్టి ఉంచడానికే, అతుక్కోవాల్సింది ఎముక. దానికి నెలలు పడతాయి. బీడీ మానకపోతే ఆ అతుకు పడకపోవచ్చు కూడా. అమెరికాలో వెన్ను రోగుల మీద చేసిన ‘స్పోర్ట్’ అధ్యయనంలోనూ, డిస్క్ జారినవాళ్లలో షుగర్ ఉన్నవాళ్లకు ఆపరేషన్‌తో పెద్దగా అదనపు మేలు కనిపించలేదు.

పెద్దమ్మ ఆపరేషన్ ఖర్చు భరించింది ఆరోగ్యశ్రీ కార్డు. 2007లో వచ్చిన ఆ పథకం పరిమితిని మన తెలంగాణలో 2023 డిసెంబర్‌లో 10 లక్షల రూపాయలకు పెంచారు. మంచిదే, అది లేకుంటే పెద్దమ్మకు ఆపరేషనే లేదు. కానీ డిశ్చార్జి అయినాక పోయే కూలి సంగతేంది? ఆంధ్రప్రదేశ్‌లో 2019లోనే ‘ఆరోగ్య ఆసరా’ పెట్టి, కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 దాకా ఇచ్చారు. ఆ పైసలతో ఇల్లు గడుస్తుందా అంటే కష్టమే. అయినా మనిషిని ఓ నెల చేనుకు పోకుండా ఆపుతాయి.

ఇంకొక మాట. కాలు పడిపోతున్నా, మూత్రం మీద పట్టు తప్పినా ఆపరేషన్‌కు ఒక్కరోజు కూడా ఆగొద్దు. మిగతావాళ్లకు ఆపరేషన్ తేదీ ఇచ్చేముందు మూడు నెలల సగటు షుగర్ పరీక్ష ఊరి దగ్గరి పీహెచ్‌సీలోనే చేసి, అదుపులోకి తెచ్చి పంపాలి. తెలంగాణ ప్రభుత్వం వచ్చే బడ్జెట్‌లోనైనా ఆపరేషన్ ప్యాకేజీతోపాటు కూలి భృతి కూడా కలపాలి.