ఇంజనీరింగు చదివిన మన బిడ్డలకు మరియొక దారి

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో ఇంజనీరింగు పట్టభద్రుడు లేని తెలుగువీధి నేడు కానరాదు. బిడ్డ పట్టా పుచ్చుకొనినంతనే తలిదండ్రులకు తోచునవి రెండే దారులు. ఒకటి బెంగుళూరి కంప్యూటరు కంపెనీ, రెండవది సిప్‌కాట్ ఫ్యాక్టరీ. రెండును గౌరవనీయములే. కాని మూడవ దారి యొకటి కలదనియు, అది మనవారికి విశేషముగా అనుకూలించుననియు మా విశ్వాసము. అదియే పేటెంటు ఏజెంటు వృత్తి.

మెట్రిక్యులేషనుతో చదువు చాలించి ఇనుపసామానుల వర్తకము చేయు మేము ఇట్టి విషయమును ప్రస్తావించుటకు కారణము గలదు. మా దుకాణమునకు వచ్చు మన తెలుగు లేతుపనివాడొకడు చింతపండు గింజలు తీయుటకు చిన్న యంత్రమును తయారుచేసెను. మూడు వేసవులు దానికై శ్రమించెను. అది చక్కగా పనిచేయుట చూచి, "ఆలస్యమెందుకు, సంతలో పెట్టి అమ్ముము" అని ప్రోత్సహించినవారము మేమే. పది యంత్రములు అమ్ముడుపోయినవి. ఏడాది తిరుగకముందే అదే యంత్రము వేరు పేర్లతో బజారున వెలసినది. అప్పుడు అతనిని వెంటబెట్టుకొని చెన్నైలో ఒక ఏజెంటును దర్శించితిమి. ఆయన ఒక్కటే ప్రశ్న వేసెను: "దరఖాస్తు చేయకమునుపే అమ్మితిరా?" అమ్మితిమంటిమి. "అట్లయిన నేను చేయగలిగినదేమియు లేదు" అనెను. తిరుగు ప్రయాణమున అతడు మమ్మొక మాటయు అనలేదు. ఆ మౌనమే మాచేత ఈ వ్యాసమును వ్రాయించుచున్నది.

మన దేశమున అమలులోనున్న పేటెంటు చట్టము 1970లో చేయబడి, 1972 ఏప్రిల్ 20 నుండి అమలులోనికి వచ్చినది. కనిపెట్టిన వస్తువు క్రొత్తది కావలయును, ఆ విద్య తెలిసినవారికి సులభముగా స్ఫురింపనిది కావలయును, పరిశ్రమకు ఉపయోగపడవలయును. ముందే బజారుకెక్కిన వస్తువు క్రొత్తదనిపించుకొనదు. పేటెంటు లభించినచో దరఖాస్తు తేదీ నుండి 20 ఏండ్లు హక్కు నిలుచును. పని సంపూర్ణము కాకున్నను తాత్కాలిక వివరణతో దరఖాస్తు పెట్టి, 12 నెలలలో పూర్తి వివరణ నీయవచ్చును. ఈ ఒక్క సంగతి మాకు నాడు తెలిసియున్నచో ఆ పనివాని శ్రమ నిలిచియుండెడిది.

ఈ వృత్తికి ఇంజనీరింగు చదువునకు గల సంబంధము నిన్నటిది కాదు. మన దేశమున తొలి పేటెంటు చట్టము 1856లో వచ్చినది. ఆ యేడు మార్చి 3వ తేదీన పంఖాలాగు యంత్రమునకై మొదటి దరఖాస్తు పెట్టిన జార్జి ఆల్ఫ్రెడ్ డిపెన్నింగ్ కలకత్తాలోని సివిల్ ఇంజనీరు. ఆయన పేరిటి పేటెంటు సంస్థ నేడు చెన్నైలో నున్నది.

మన ఊరివారికి మరింత చేరువయైన ఉదాహరణమొకటి చెప్పెదము. హోసూరున కర్మాగారము గల టి.వి.ఎస్. మోటార్ కంపెనీ 2007లో 'ఫ్లేమ్' అను 125 సి.సి. మోటారుసైకిలును ప్రకటించినది. చిన్న ఇంజనులో రెండు స్పార్కుప్లగ్గుల ఏర్పాటు తమ 195904 సంఖ్యగల పేటెంటునకు భంగకరమని బజాజ్ ఆటోవారు అడ్డుకొనిరి. 2008 ఫిబ్రవరిలో మద్రాసు హైకోర్టు తాత్కాలిక నిషేధము విధించినది. 2009 మేలో అదే కోర్టు ధర్మాసనము దానిని త్రోసివేసినది. ఆ సెప్టెంబరులో సుప్రీంకోర్టు లెక్కలు ఉంచుకొని అమ్ముకొనవచ్చునని అనుమతించుచు, ఇట్టి వ్యాజ్యములు త్వరగా తేల్చవలెనని ఆదేశించినది. తుదకు 2019లో ఉభయులు రాజీపడిరి. సిలిండరునకు రెండు వాల్వులా, మూడు వాల్వులా అను భేదముపై అంత వాదము నడిచినది. ఇంజను విప్పి చూడనివాడు అట్టి వివరణను వ్రాయగలడా?

అందువలననే చట్టము ఈ వృత్తికి విజ్ఞానశాస్త్రమునగాని, ఇంజనీరింగునగాని, సాంకేతిక విద్యయందుగాని పట్టమును కోరుచున్నది. భారత పౌరుడై, 21 ఏండ్లు నిండి, ఏజెంట్ల పరీక్షలో ఉత్తీర్ణుడు కావలయును. పరీక్షలో చట్టమునకొక పత్రము, వివరణలు వ్రాయుటకొక పత్రము, పిదప మౌఖికము ఉండును. ఉత్తీర్ణుడైనవాడు పేటెంటు కార్యాలయమున దరఖాస్తుదారుల పక్షమున వ్యవహరింపవచ్చును. కోర్టులో వాదించుటకు మాత్రము న్యాయశాస్త్ర పట్టమును పొంది అడ్వొకేటు కావలయును. నాలుగు పేటెంటు కార్యాలయములలో ఒకటి చెన్నైలోనే యున్నది. తమిళనాడు, ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, కేరళలు దాని పరిధిలోనివే.

కష్టములను దాచుట న్యాయము కాదు. పరీక్ష ఏటేట జరుగునను నమ్మకము లేదు. తొలి సంవత్సరములలో పెద్ద సంస్థలో శిష్యరికము చేయక తప్పదు. కంప్యూటరు కంపెనీ జీతముతో పోల్చిన నిరాశ కలుగవచ్చును. ఒక్క మాట తప్పువ్రాసిన కక్షిదారుని హక్కు జారిపోవును. ఓర్పులేనివారికి ఇది తగదు.

అయినను మన బిడ్డలకు ఇతరులకు లేని కలిమి యొకటి కలదు. పేటెంటు పత్రములు ఇంగ్లీషునగాని హిందీలోగాని ఉండవలయును. కనిపెట్టువాడు మాత్రము తన భాషలోనే ఆలోచించును. ఆనాడు చెన్నైలో మా లేతుపనివాడు చెప్పినది ఏజెంటునకు తెలియక, మేము దుబాసీలమైతిమి. మాకు యంత్రము తెలియదు, ఆయనకు తెలుగు తెలియదు. హోసూరు బిడ్డ ఇంట తెలుగును, వీధిలో తమిళ కన్నడములను, కళాశాలలో ఇంగ్లీషును నేర్చును. నాలుగు భాషలలో పనివాని మాట విని, ఇంగ్లీషున చట్టమునకు తగినట్లు వ్రాయగలవానికి పని కరవగునా? కుంపిణీ నాటి చెన్నపట్నమున తెలుగు దుబాసీలు పేరుగాంచిరి. ఇంట తెలుగు మాటలాడుట ఉద్యోగమునకు అక్కరకు రాదనువారికి మా సమాధానమిదియే.

కావున మన సంఘమువారికి మూడు మనవులు. చివరి సంవత్సరపు ఇంజనీరింగు విద్యార్థులకు ఈ వృత్తినిగూర్చి ఏటా ఒక సభ జరుపవలెను. పరీక్షకు చదువు ఇద్దరికైనను పుస్తకములకు, ప్రయాణములకు సాయము చేయవలెను. క్రొత్త పనిముట్టు చేసిన ప్రతి పనివానికి "అమ్మకముందు అడుగుము" అని తెలుగున చాటవలెను. మూడవదానికి ఖర్చు లేదు. దానిని మా దుకాణపు గోడపై నేడే వ్రాయించుచున్నాము.