గిటార్‌ను అటకెక్కించకండి

పెద్దాడికి అమెరికా వీసా వచ్చింది. పెట్టెలు రెండు, ఒక్కోటీ 23 కిలోలు మించకూడదు. ఆవకాయ, కందిపొడి, ప్రెషర్ కుక్కర్‌కే చోటు చాలక అమ్మ మూడుసార్లు సర్దింది. ఇక దాదాపు నాలుగడుగుల బేస్ గిటార్‌కి చోటెక్కడిది? "రెండేళ్లలో వచ్చేస్తాగా, జాగ్రత్తగా పెట్టమ్మా" అని వాడు విమానమెక్కేస్తాడు. జాగ్రత్తగా పెట్టడమంటే మన ఇళ్లల్లో అర్థం ఒకటే. దుమ్ము పడకుండా, పిల్లల చెయ్యి అందకుండా ఎత్తున పెట్టడం. అంటే అటక మీద.

వాడి ఇంజినీరింగ్ పుస్తకాలను అటక మీద పెడితే నష్టం లేదు. ఇత్తడి బిందెలకూ ఢోకా లేదు. గిటార్ అలాంటిది కాదు. ఎందుకు కాదో నందిగామ, జగ్గయ్యపేట వాళ్లకి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఆ మెట్ట ప్రాంతపు వాతావరణమే దానికి పెద్ద శత్రువు. (2022 నుంచి మీది ఎన్టీఆర్ జిల్లా అయింది. ఎండ మాత్రం పాత కృష్ణా జిల్లాదే.)

అసలు బేస్ గిటార్ అంటే ఏమిటని నాయనమ్మలు అడగొచ్చు. ఇళయరాజా పాట ఏదైనా వినండి. వయొలిన్లు, వేణువు పైన సాగుతుంటే అడుగున గుంభనంగా నడిచే స్వరం ఒకటుంటుంది. అది ఆపేస్తే పాట బోసిపోతుంది. ఇవాళ మనం చూసే విద్యుత్ బేస్‌ను అమెరికాలో లియో ఫెండర్ 1951లో మార్కెట్లోకి తెచ్చాడు. మామూలు గిటార్‌కి ఆరు తీగలైతే దీనికి సాధారణంగా నాలుగు. అవి బాగా లావుగా ఉంటాయి. మన వైపు చర్చి పాటల బృందాల్లో, కాలేజీ వార్షికోత్సవాల్లో కుర్రాళ్లు భుజాన తగిలించుకుని వాయించేది ఇదే.

ఆ నాలుగు తీగలూ కలిసి గిటార్ మెడను ఎంత బలంగా లాగుతుంటాయో తెలుసా? ఇంచుమించు 75 కిలోలు. బస్తా బియ్యం కంటే మూడు రెట్ల బరువు, రాత్రీ పగలూ ఒక సన్నటి చెక్కను ముందుకు వంచాలని చూస్తోందన్నమాట. ఆ చెక్క వంగకుండా మెడ లోపల ఒక ఉక్కు కడ్డీ వెనక్కి ఎదురు లాగుతుంటుంది. ట్రస్ రాడ్ అంటారు దాన్ని. ఈ రెండు బలాలూ సమంగా ఉన్నంతసేపే మెడ తిన్నగా ఉంటుంది. గిటార్ మూల నిలబెట్టి ఉన్నా ఆ పెనుగులాట ఆగదు. వాయించకపోతే అరగదు కదా అనుకునే వాళ్లకి ఈ సంగతి తెలియదు.

ఇక చెక్క సంగతి. పత్తి రైతుల ఇళ్లల్లో ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సీసీఐ కేంద్రానికి పత్తి తీసుకెళితే ముందు తేమ చూస్తారు. 8 శాతం ఉంటే పూర్తి ధర, 12 దాటితే వెనక్కి తీసుకుపొమ్మంటారు. గిటార్ చేసేవాళ్లు కూడా చెక్కను ఇంచుమించు 6 నుంచి 8 శాతం తేమకి ఆరబెట్టాకే పనిలోకి దిగుతారు. కానీ ఎంత ఆరబెట్టినా చెక్క గాలిలోని తేమను పీలుస్తూ, వదులుతూనే ఉంటుంది. పీల్చినప్పుడు ఉబ్బుతుంది, వదిలినప్పుడు ముడుచుకుంటుంది. వానాకాలంలో పట్టేసిన తలుపు వేసవిలో తేలిగ్గా పడుతుంది చూడండి, అదే. తలుపైతే రంధా పట్టి సరిచేసుకుంటాం. మెడ మెలితిరిగితే ఆ పని చెయ్యగల చెయ్యి దొరకడం కష్టం.

నందిగామలో ఎండలు 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆ ఎండకి కాలిన స్లాబు కిందే అటక ఉంటుంది. గదిలో మీకు ఉక్కగా ఉంటే అక్కడ ఇంకా ఘోరంగా ఉంటుంది. మెడ మీద వేలి పలకకు అడ్డంగా లోహపు మెట్లు పొదిగి ఉంటాయి. చెక్క ఎండి ముడుచుకుంటే వాటి కొసలు పక్కలకి పొడుచుకొచ్చి చేతికి గీసుకుంటాయి. అటు ఆగస్టు వచ్చేసరికి అదే చెక్క తేమ తాగి ఉబ్బుతుంది, తీగలు తుప్పు పడతాయి. రెండేళ్లంటే రెండు వేసవులు, రెండు వానాకాలాలు.

పోనీ కింద, మంచం అడుగున పెడదామా? ఏటి ఒడ్డు ఊళ్ల వాళ్లు ఆలోచించుకోవాలి. 2023 జులైలోనూ, 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లోనూ మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్ హైవే మీదికే నీళ్లొచ్చాయి. వరద రాని ఇళ్లల్లో కూడా నేల చెమ్మ, చెదలు తప్పవు.

నన్నడిగితే చోటు ఇది: ఇంటి మధ్య గదిలో, బయటి గోడకి ఆనించకుండా, నేలకి జానెడు ఎత్తున బల్ల మీద. మనుషులు రోజూ పడుకునే గది అయితే మరీ మంచిది. మీకు ఒళ్లు చల్లగా, హాయిగా ఉన్నచోట గిటార్‌కీ హాయే. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే దానికి పండగే. ఆ తేమ చూపించే చిన్న మీటర్లు కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి. మన దగ్గర ఏడాది పొడుగునా ఆ అంకె నిలబెట్టడం అయ్యే పని కాదు. అమాంతం ఎక్కకుండా, అమాంతం దిగకుండా చూస్తే చాలు.

వెళ్లే ముందు అబ్బాయి చెయ్యాల్సిన పనులున్నాయి, అవి అమ్మ మీద వేసి పోకూడదు. మృదంగ విద్వాంసుల్ని చూడండి. కచేరీ అయ్యాక ఎడమవైపు అంటించిన రవ్వ ముద్దను తీసి తుడవకుండా వాద్యాన్ని సంచిలో పెట్టరు. ఇక్కడ రవ్వ బదులు చెమట. వేళ్ల చెమటలోని ఉప్పు తీగల్ని తినేస్తుంది. కాబట్టి తీగలు, వాటి కింది పలక, లోహపు భాగాలు పొడిగుడ్డతో శుభ్రంగా తుడవాలి. కొబ్బరినూనె మాత్రం రాయొద్దు, కొన్నాళ్లకి మక్కిపోయి జిగటవుతుంది. మరలకి కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క గుడ్డకి అద్ది రాస్తే చాలు.

తీగల దగ్గర అందరూ తికమకపడతారు. మొత్తం ఊడదీసేద్దామంటారు కొందరు. వద్దు. తీగల లాగుడు లేకపోతే లోపలి ఉక్కు కడ్డీకి అడ్డు ఉండదు, మెడ వెనక్కి వంగుతుంది. అలాగని పూర్తి బిగువులో వదిలేయడమూ మంచిది కాదు. నాలుగు తీగల్నీ ఒక్కో పూర్తి స్వరం కిందికి దించితే లాగుడు సుమారు అయిదో వంతు తగ్గుతుంది. మెడకి ఆ మాత్రం ఊరట చాలు. ట్రస్ రాడ్ జోలికి పోనక్కర్లేదు.

ఇంకొకటి. కొన్ని బేస్‌ల వెనక 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. దాన్ని తీసెయ్యండి. గోడ గడియారంలో బ్యాటరీ కారి ఏం చేస్తుందో ప్రతి ఇంట్లోనూ చూసిందే. ఆంప్లిఫయర్ ప్లగ్గు కూడా పీకి, దాని మీద గుడ్డ కప్పండి. లోపలి కాగితపు కోను ఎలుకలకి మహా ఇష్టం.

పల్చటి సంచి కన్నా గట్టి పెట్టె నయం. పెట్టెలో పెట్టేముందు పాత నూలు పంచెలో చుట్టండి, గంజి పెట్టనిది. గంజి వాసనకి బొద్దింకలూ వెండిపురుగులూ వస్తాయి. రబ్బరు, రెక్సిన్ గిటార్‌కి ఆనకూడదు, కొన్ని రకాల పాలిష్‌లు వాటికి కరిగి అంటుకుపోతాయి. కలరా ఉండలు కూడా అంతే, వాటి ఆవిరికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. పురుగు భయముంటే ఎండిన వేపాకు పెట్టె బయట పెట్టుకోండి. వానాకాలంలో లోపల సిలికా జెల్ పొట్లాలు రెండు వేయండి. వేసవిలో మాత్రం తీసెయ్యాలి, అసలే ఎండిన గాలిని అవి ఇంకా ఎండగడతాయి. పెట్టె మీద పరుపులు, దుప్పట్లు పేర్చే అలవాటుందే, దాన్నొక్కటి మానుకోవాలి.

ఏడాదికి రెండుసార్లు పెట్టె తెరిచి చూడండి. ఉగాదికోసారి, దసరాకోసారి అనుకుంటే గుర్తుంటుంది. ఒకటి ఎండలు ముదరకముందు, ఇంకోటి వానలు వెనకబడ్డాక. చర్చి ఇళ్లల్లో ఈస్టర్, క్రిస్మస్ లెక్కన చూసుకోవచ్చు. దసరాకి బొట్టు పెట్టాలనిపిస్తే పెట్టెకి పెట్టండి. తడి పసుపు చెక్కకి పడితే మరక పోదు. తెరిచినప్పుడు బూజు వాసన, చెక్కపొడి, తీగల మీద ఎర్రటి తుప్పు ఉన్నాయేమో చూసి, ఫొటో తీసి అబ్బాయికి వాట్సాప్‌లో పంపండి. మిగతాది వాడు చెబుతాడు.

ఇంతా రాశాక ఒక మాట. రెండేళ్లు పెట్టెలో ఉండే బేస్ కన్నా, వారానికోసారి ఎవరైనా వాయించే బేస్ మెరుగ్గా ఉంటుంది. మెడ కొద్దిగా వంగినా వెంటనే తెలుస్తుంది, మీటలు తిరుగుతూ ఉంటాయి, తీగలు తుడుస్తూ ఉంటారు. వాయించే తమ్ముడో, చర్చి బృందంలో నమ్మకమైన స్నేహితుడో ఉంటే వాడికే అప్పగించి పోవడం మంచిది. ఎవరూ లేకపోతేనే పెట్టె.

అబ్బాయి తిరిగొచ్చిన రోజు కంగారుపడొద్దు. చల్లటి గదిలోకి తెచ్చి వెంటనే తెరవకుండా పెట్టెను కొన్ని గంటలు అలాగే వదలండి. పాత తీగల్ని ఒకేసారి పూర్తి బిగువుకి లాగకుండా, మొదటి రోజు సగం, మర్నాడు మిగతాది బిగించాలి. మెడ తిన్నగా ఉందో లేదో చూసుకున్నాక కొత్త తీగలు ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు, నాలుగూ ఒకేసారి ఊడదీయకుండా.