కండ్లు తిరగకుండా ఆడుకునే ఆటలు కావాలి: ఐటీ మంత్రికి బోధన్ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులు, తెలంగాణ ఐటీ, పరిశ్రమల శాఖ మంత్రి శ్రీ దుద్దిళ్ల శ్రీధర్‌బాబు గారికి,



మా బోధన్‌లో మీ పేరు వినగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది షుగర్ ఫ్యాక్టరీ. నిజాం కాలంలో షక్కర్‌నగర్‌లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుని, 2015 డిసెంబర్‌లో మూతపడిన ఆ ఫ్యాక్టరీని మళ్లీ తెరిపించే దారి వెతకమని 2024 జనవరిలో ప్రభుత్వం వేసిన కమిటీకి మీరే చైర్మన్. ఆ విషయం మీద ఇక్కడి నుంచి మీకు ఎన్నో వినతిపత్రాలు అంది ఉంటాయి. ఈ ఉత్తరం మాత్రం మీ చేతిలో ఉన్న ఇంకో శాఖ, ఐటీ గురించి. ఆ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ల మనవలు, మనవరాళ్లు రోజూ చేతిలో పట్టుకుంటున్న వీడియో గేముల గురించి.

నేను ఇక్కడ హైస్కూల్ టీచర్ని. పిల్లలు నాతో చదువు సంగతులే కాదు, ఆటల సంగతులూ చెప్తారు. ఎడపల్లి, రెంజల్, కోటగిరి, వర్ని, ఏ ఊరి పిల్లల నోటైనా తరచుగా వినే మాట ఒకటుంది: "సార్, గా గేమ్ నాకు పడది. కండ్లు తిరుగుతున్నయ్. కడుపుల తిప్పుతుంది." ముందు తల బరువెక్కుతుంది. నోట్లో నీళ్లూరతాయి. నుదుటి మీద చల్లగా చెమట పడుతుంది. ఆట ఆపేశాక కూడా గంటసేపు అన్నం సయించదు. చాలామంది ఈ మాట బయటికి చెప్పుకోరు. చెప్తే తోటివాళ్లు నవ్వుతారని భయం. తమలోనే ఏదో లోపం ఉందనుకుని, ఆటకే దూరమైపోతారు.

నిజామాబాద్ బస్టాండ్ దగ్గర ఒక గేమింగ్ సెంటర్‌లో నా కళ్లతో చూసిన సంగతి చెప్తాను. నా పాత విద్యార్థి ఒకడు కంప్యూటర్ ముందు కూర్చుని తుపాకీ ఆట ఆడుతున్నాడు. తెర మీద హీరో పరుగెత్తినప్పుడల్లా దృశ్యం మొత్తం పైకీ కిందికీ ఊగుతోంది. పక్కకు తిరిగితే అంతా అలికేసినట్టు మసకబారుతోంది. కాసేపటికి పిల్లవాడు హెడ్‌ఫోన్ తీసి, బల్ల అంచు గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ముఖం పాలిపోయింది. పక్కనున్నవాళ్లు "బస్సుల ఎక్కినట్టు కక్కుతవా ఏందిరా" అని నవ్వారు. సెంటర్ నడిపే ఆయన మాత్రం నవ్వలేదు. వాణ్ని బయట గాలికి నిలబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, ఈలోగా ఆట సెట్టింగ్స్ తెరిచాడు. ఎక్కడో లోపలి పేజీలో, అంతా ఇంగ్లిష్‌లో ఉన్న జాబితాలోంచి మూడు పేర్లు వెతికి పట్టుకున్నాడు: కెమెరా షేక్, హెడ్ బాబ్, మోషన్ బ్లర్. మూడూ ఆఫ్ చేశాడు. దృశ్యం ఎంత వెడల్పున కనబడాలో చెప్పే ఫీల్డ్ ఆఫ్ వ్యూను పెంచాడు. మౌస్ సెన్సిటివిటీ తగ్గించాడు. పిల్లవాడు తేరుకుని వచ్చాక అదే ఆట, అదే కుర్చీలో హాయిగా ఆడుకున్నాడు.

పిల్లవాడిలో ఏమీ మారలేదు, మారింది ఆట. మంత్రిగారూ, ఈ ఉత్తరంలో నేను చెప్పదలుచుకున్నది అదే. కండ్లు తిరగడం ఆడేవాడి బలహీనత కాదు, ఆట తయారుచేసినవాళ్లు తీసుకున్న నిర్ణయాల ఫలితం. ఆ నిర్ణయాలు మార్చవచ్చు. ప్రభుత్వ సాయం పొందే స్టూడియోల చేతైనా మార్పించే అవకాశం మీ శాఖకు ఉంది.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. మన లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకారపు గొట్టాలుంటాయి. వాటిలోని ద్రవం కదలికను బట్టి తల ఎటు తిరిగిందో మెదడుకు తెలుస్తుంది. బోధన్ నుంచి నిజామాబాద్ వెళ్లే బస్సులో ఫోన్ చూస్తూ కూర్చుంటే, కదులుతున్నామని చెవి చెప్తుంది, తెర కదలడం లేదని కళ్లు చెప్తాయి. గేములో దీనికి తలకిందులు. పరుగెత్తుతున్నామని కళ్లు చెప్తాయి, కుర్చీలో కూర్చున్నామని చెవి చెప్తుంది. ఈ రెండు కబుర్లకు పొత్తు కుదరకపోవడమే వికారానికి మూలమని జేమ్స్ రీజన్, బ్రాండ్ అనే శాస్త్రవేత్తలు 1975లో తమ పుస్తకంలో వివరించారు. ఇందులో చెవి పాత్ర ఎంతటిదో అంతకు చాలా ముందే, 1882లో, విలియం జేమ్స్ అనే మరో శాస్త్రవేత్త చూపించాడు. చెవిటివాళ్లలో చాలామందికి గిరగిరా తిప్పినా తల తిరగలేదని ఆయన గమనించాడు.

ఒకప్పుడు మన దగ్గర టీవీకి తగిలించుకుని ఆడిన మారియో, కాంట్రా లాంటి ఆటలు పెద్దగా ఎవరి కడుపులోనూ తిప్పలేదు. ఎక్కువగా బొమ్మ పక్కనుంచి కనబడేది, దృశ్యం ఒకే దిక్కుకు జరిగేది. 2000లో వచ్చిన ప్రాజెక్ట్ ఐజీఐ లాంటి ఆటలు ఇంటర్నెట్ సెంటర్లకు చేరాక కథ మారింది. హీరో కళ్లలోంచి లోకాన్ని చూడాల్సి వచ్చింది. అక్కడి నుంచే ఈ బాధ ఇంటింటికీ వచ్చింది.

బలహీనులకే ఇలా అవుతుందనేవాళ్ల కోసం ఒక పాత సంగతి. 1950ల చివర్లో అమెరికా నౌకాదళం వాడుతున్న హెలికాప్టర్ సిమ్యులేటర్ మీద జరిగిన పరిశీలనలో, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ల కంటే వాళ్లకు నేర్పే అనుభవజ్ఞులైన పైలట్లకే వికారం ఎక్కువగా వచ్చింది. నిజమైన హెలికాప్టర్ ఎలా కదులుతుందో వాళ్ల ఒంటికి బాగా తెలుసు కాబట్టి, తెర మీది తేడా వాళ్లనే ఎక్కువ బాధించింది. అంతటి పైలట్లకే తప్పనిది మా రుద్రూరు లాంటి ఊరి పిల్లకు వస్తే అది ఆమె చేతకానితనం ఎలా అవుతుంది?

ఇక కంట్రోల్స్ సంగతి. ఇది వేరే సమస్యలా కనబడుతుంది గాని, మూలం ఒకటే. ఘాట్ రోడ్డు మీద వెనక సీట్లో ఉన్నవాళ్లకు వాంతులవుతాయి, స్టీరింగ్ పట్టుకున్న డ్రైవర్‌కు కావు. ఏ మలుపు ఎప్పుడు వస్తుందో, బండి ఎంత తిరుగుతుందో అతనికి ముందే తెలుసు. ఆటలో వేలు కదిపినంతే దృశ్యం కదిలితే ఆడేవాడు డ్రైవర్. సెన్సిటివిటీ ఎక్కువై బొటనవేలు కాస్త జరగ్గానే దృశ్యం గిర్రున తిరిగినా, బటన్ నొక్కిన కాసేపటికి గాని తెర కదలకపోయినా అతను వెనక సీటు ప్రయాణికుడైపోతాడు. కంట్రోల్ చేయి జారిన చోటే కడుపులో తిప్పడం మొదలవుతుంది.

మా ప్రాంతంలో ఈ బాధ మరీ ఎక్కువ. పిల్లల చేతుల్లో ఉన్నవి తక్కువ ధర ఫోన్లు. మే నెలలో నిజామాబాద్ ఎండ మీకు తెలియనిది కాదు. ఆ వేడికి ఫోన్ కాలిపోతుంది. తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. దాంతో సెకనుకు చూపించే ఫ్రేములు పడిపోతాయి, వేలికీ తెరకూ మధ్య ఎడం పెరుగుతుంది. ఏసీ గదిలో ఖరీదైన ఫోన్ మీద పరీక్షించినవాళ్లకు ఈ బాధ కనబడదు. ఇక బటన్ల అమరిక చూస్తే, ఎడమచేతివాటం పిల్లలకు కుడిచేతివాళ్ల కోసం పేర్చిన బటన్లు అందవు. పొలం పనుల్లో, మిషన్లలో వేలు పోగొట్టుకున్నవాళ్లకు ఒకేసారి నాలుగు వేళ్లు అడిగే ఆట అసలే సాగదు.

ఇవన్నీ చేయలేనివి కావు. ఫోన్లలో ఆడే బీజీఎంఐ అనే తుపాకీ ఆటలో బటన్లను ఎక్కడికైనా జరుపుకోవచ్చు, పెద్దవి చేసుకోవచ్చు, తుపాకీ స్కోప్ స్కోప్‌కూ సెన్సిటివిటీ మార్చుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ 2018లో చేతులు సరిగా పనిచేయనివాళ్ల కోసం ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. 2020లో వచ్చిన ది లాస్ట్ ఆఫ్ అస్ అనే ఆట రెండో భాగంలో ఇలాంటి సౌకర్యాలు 60కి పైగా ఉన్నాయి. 2025 మార్చిలో పెద్ద కంపెనీలు కొన్ని కలిసి, ఏ ఆటలో ఏ సౌకర్యం ఉందో కొనకముందే చెప్పే గుర్తుల పద్ధతిని ప్రకటించాయి.

"పిల్లలు ఆడకపోతేనే మంచిది కదా, కండ్లు తిరిగితే అదే మానేస్తారు" అనే తల్లిదండ్రులు నాకు రోజూ ఎదురవుతారు. ఎంతసేపు ఆడాలో ఇంట్లో హద్దు పెట్టాల్సిందే, నేనూ పెడతాను. కానీ వాంతి అనేది హద్దు పెట్టే పద్ధతి కాదు. ప్రభుత్వాలు కూడా ఆటలన్నిటినీ వద్దనలేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2017లోనే నిషేధించింది. 2025లో వచ్చిన కేంద్ర చట్టం కూడా వాటిని నిషేధిస్తూనే ఈ-స్పోర్ట్స్‌ను, మామూలు ఆటలను ప్రోత్సహిస్తామంది. ప్రోత్సహించదలుచుకున్నప్పుడు అందరూ ఆడగలిగేలా ప్రోత్సహించడం న్యాయం. పైగా ఇదే సాంకేతికత రేపు ఆటగా కాక శిక్షణగా వస్తుంది. డ్రైవింగ్, వెల్డింగ్ లాంటి పనులు సిమ్యులేటర్ మీదో, వీఆర్ కళ్లద్దాలతోనో నేర్పే రోజులివి. అక్కడ కండ్లు తిరిగిన పిల్ల ఆటతో పాటు ఉద్యోగమూ పోగొట్టుకుంటుంది.

తెలంగాణ 2016లోనే ఇమేజ్ పేరుతో యానిమేషన్, గేమింగ్ రంగాలకు ప్రత్యేక విధానం తెచ్చింది. ఆ రంగాల కోసమే రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కు 2017లో శంకుస్థాపన జరిగింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి అంతర్జాతీయ సంస్థలు హైదరాబాద్‌లో పనిచేస్తున్నాయి. అందుకే మీకు నా విన్నపాలు ఇవి.

మొదటిది, ప్రభుత్వ రాయితీ, స్థలం, సాయం ఏది పొందిన స్టూడియో అయినా సరే, అది చేసే ప్రతి ఆటలో కొన్ని సెట్టింగులు తప్పనిసరి చేయండి. కెమెరా ఊపు, తల ఊపు, మసక ఆపేసుకునే వీలు, దృశ్యం వెడల్పు మార్చుకునే వీలు, సెన్సిటివిటీని బాగా తగ్గించుకునే వీలు, ప్రతి బటన్‌ను జరుపుకునే, పెంచుకునే వీలు ఉండాలి. ఒకరికి సుఖమైనది ఇంకొకరికి సుఖం కాదు కాబట్టి ఎంపిక ఆడేవాళ్లకే వదలాలి. ఇవి లోపలి పేజీల్లో దాక్కోకుండా, ఆట మొదలుకాకముందే మొదటి తెర మీద కనబడాలి. ఆట పునాది దశలోనే అనుకుంటే వీటికయ్యే ఖర్చు తక్కువ, చివర్లో అతికిస్తేనే ఎక్కువ.

రెండోది, అవన్నీ తెలుగులో ఉండాలి. హెడ్ బాబ్ అంటే ఏమిటో తెలియని పిల్ల దాన్ని ఆఫ్ చేసుకోలేదు. "పరుగెత్తేటప్పుడు దృశ్యం ఊగడం: ఆపు" అని రాస్తే ఏడో తరగతి పిల్లకు కూడా అర్థమవుతుంది. ఉర్దూలోనూ ఉండాలి, మా బోధన్‌లో, నిజామాబాద్‌లో ఆ అవసరం చాలా ఉంది.

మూడోది, 2023 ఆగస్టులో ప్రారంభమైన నిజామాబాద్ ఐటీ టవర్‌లో ఆటలను పరీక్షించే కేంద్రం పెట్టండి. మామూలు ఫోన్లు, మామూలు నెట్‌వర్క్, ఎండాకాలం, మామూలు మనుషులు అన్నీ ఇక్కడున్నాయి. వికారాన్ని కొలవడానికి 16 లక్షణాలతో ఒక ప్రశ్నావళి 1993 నుంచే శాస్త్రవేత్తల వాడుకలో ఉంది. దాన్ని తెలుగులోకి తెచ్చి వాడితే మా పిల్లలకు కొత్త పని దొరుకుతుంది, మీ స్టూడియోలకు నాణ్యమైన సమాచారం దొరుకుతుంది.

నాలుగోది, ప్రభుత్వ శిక్షణలో సిమ్యులేటర్ వాడే ప్రతి చోటా, అది పడనివారికి విరామం, వేరే మార్గం ఇవ్వాలి. ఆ కారణంగా ఎవర్నీ ఫెయిల్ చేయకూడదు.

ఇది దయతో ఇచ్చేది కాదు. ఎలక్ట్రానిక్ వస్తువులు అందరూ వాడుకునేలా ఉండేట్టు ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెప్తోంది. డిజిటల్ సౌకర్యం అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

మీ ఆదేశం వచ్చేలోగా మా పిల్లలకు నేను చెప్తున్న జాగ్రత్తలు ఇవి. మొదటి ఆవలింత, మొదటి చెమట దగ్గరే ఆట ఆపండి, ఓర్చుకుంటే తగ్గదు, పెరుగుతుంది. గదిలో లైటు వేసి, తెరకు దూరంగా, గాలి తగిలేలా కూర్చోండి. వీలున్న ఆటలో హీరో వెనకనుంచి కనబడే కెమెరా పెట్టుకోండి. కదిలే బస్సులో ఆడకండి. అల్లం ముక్క నోట్లో వేసుకుంటే కొందరికి ఉపశమనం. ప్రయాణం మాత్ర వేసుకుని ఆడటం మాత్రం వద్దు, మత్తు వస్తుంది. ఈ జాగ్రత్తలతో కొంతమంది గట్టెక్కుతారు. అందరూ గట్టెక్కాలంటే ఆటే మారాలి.

మంత్రిగారూ, మీరు ఇకముందు తెచ్చే గేమింగ్ విధానంలో ఈ నాలుగు అంశాలూ చేర్చండి. ముసాయిదా రాసేటప్పుడు స్టూడియోల యజమానులతో పాటు ఆడేవాళ్లనూ పిలవండి. బోధన్ నుంచి, నిజామాబాద్ నుంచి మా పిల్లలు వచ్చి, ఏ సెట్టింగ్ దగ్గర తమకు కండ్లు తిరిగాయో, ఏది మారిస్తే తగ్గిందో మీ అధికారుల ముందు కూర్చుని చూపిస్తారు. వాళ్లను తీసుకొచ్చే బాధ్యత నాది.

ఇట్లు,
బోధన్‌కు చెందిన ఒక ఉపాధ్యాయుడు
నిజామాబాద్ జిల్లా