గెల ఎవరికి అమ్మాలి?

ప్రభుత్వం జోక్యం ఎంత తగ్గితే ప్రజలకు అంత మేలు అనే వాదన 1991 సంస్కరణలతోనే మనకు వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయానికి తీర్మానం చేసినప్పుడు, రైతు భూమి రైతుదేనంటూ ఎదురు తిరిగినవారిలో ముఖ్యులు మన నిడుబ్రోలు ఆచార్య ఎన్.జి. రంగా. ఆ ఏడాదే రాజాజీ ప్రభృతులతో కలిసి స్వతంత్ర పార్టీని స్థాపించి దానికి అధ్యక్షులయ్యారు. లైసెన్సు పర్మిట్ల రాజ్యమని రాజాజీ ఎత్తిపొడిచేవారు. 1967లో లోక్‌సభలో 44 స్థానాలు గెలిచిన ఆ పార్టీ 1974లో వేరొక పార్టీలో కలిసిపోయింది. వాదన మాత్రం మిగిలింది.

ఆ వాదనలో పస ఎంతో చూడడానికి ఢిల్లీ దాకా పోనక్కరలేదు. నల్లజర్ల మెట్టలోని ఆయిల్‌పామ్ తోటలు చాలు.

ఈ చెట్టు మూడు నాలుగేళ్లకు కాపుకొస్తుంది, పాతికేళ్లకు పైగా నిలుస్తుంది. కోసిన గెల సుమారు 24 గంటల్లో మిల్లు చేరకపోతే నూనె నాణ్యత చెడుతుంది. ధాన్యంలా గాదెలో పోసి మంచి ధర కోసం ఆగే వీలు లేదు. ధర నచ్చలేదని వచ్చే ఏడు పంట మార్చే వీలూ లేదు. ఇలాంటి పంటకు 1993లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం ప్రాంతాలను జోన్లుగా విడదీసి ఒక్కొక్క మిల్లుకు కేటాయిస్తారు. ఆ జోన్‌లోని రైతు ఆ మిల్లుకే గెలలు ఇవ్వాలి, మిల్లు కొనాలి. ధర ప్రభుత్వం ప్రకటిస్తుంది.

ఈ ఏర్పాటుకు కారణం లేకపోలేదు. సరుకు వస్తుందన్న భరోసా లేనిదే కోట్లు పెట్టి మిల్లు ఎవరు కడతారు? మిల్లే లేకపోతే గెలను ఏం చేసుకోవాలి? కాబట్టి జోన్లన్నీ రేపే ఎత్తివేయాలని మేము అనడం లేదు. చుట్టుపక్కల ఒకే మిల్లు ఉన్నచోట అమ్ముకునే స్వేచ్ఛ కాగితం మీది స్వేచ్ఛే. అయితే ఒక సంగతి గమనించాలి. సంతకు మేలు చేయడం వేరు, ఒక కంపెనీకి మేలు చేయడం వేరు. కొనేవాడు ఒక్కడే ఉండాలని చట్టమే శాసించినప్పుడు దానిని స్వేచ్ఛా వ్యాపారం అనలేం. ఈ ముక్క ప్రైవేటు అంటేనే మురిసిపోయేవారూ, ప్రైవేటు అంటేనే మండిపడేవారూ ఇద్దరూ మరచిపోతున్నారు.

మదీనాలో ధరలు పెరిగినప్పుడు రేటు నిర్ణయించమని జనం కోరితే, ఎవరి సొత్తు విషయంలోనూ అన్యాయం చేసినవాణ్ణి కాకూడదంటూ దైవప్రవక్త (సఅసం) నిరాకరించిన సంగతి హదీసు గ్రంథాల్లో ఉంది. అంతటితో ఆగి, ఇస్లాం వ్యాపారిని వదిలేసిందని చెప్పేవారున్నారు. అదే మహనీయులు, సరుకుతో వస్తున్న బిడారుకు ఊరి వెలుపలే ఎదురుపోయి, సంత ధర తెలియనివ్వకుండా కొనేయడాన్ని నిషేధించారు. సరుకు దాచి ధర పెంచడాన్ని పాపమన్నారు. అమ్మేవాడు సంత చేరాలి, ధర తెలుసుకోవాలి, ఆపైన తన ఇష్టం. అలాంటి సంత మన మెట్ట రైతుకు ఉందా?

నూనె శాతం లెక్కతోనే గెల ధర కడతారు. రాష్ట్రం విడిపోయాక అశ్వారావుపేట వైపు ఒక శాతం, ఇటువైపు అంతకన్నా తక్కువ శాతం లెక్కకొచ్చింది. తెలంగాణతో సమానంగా ఇవ్వాలని మన రైతులు ఏళ్ల తరబడి ఆందోళన చేశారు. గెలను సరిహద్దు దాటించి అమ్ముకునే హక్కే ఉంటే ఆ ఆందోళనల అవసరం చాలావరకు తప్పేది. దీనికి తోడు ఢిల్లీ నిర్ణయాలు. ముడి పామాయిల్ దిగుమతిపై ప్రాథమిక సుంకాన్ని 2024 సెప్టెంబరులో 20 శాతం చేశారు, 2025 మే నెలాఖరులో 10కి దించారు. పాతికేళ్ల చెట్టుకు తొమ్మిది నెలలైనా నిలవని విధానం!

సొంత తోట లేని ఇంటికి ఇదంతా ఎందుకని అడగవచ్చు. గెల కోసేవారి కూలీ, ట్రాక్టరు కిరాయి, కౌలుదారు మిగులు, ఊళ్లో బట్టల కొట్టు బేరం అన్నీ ఆ ధరలోంచి రావలసినవే.

మిల్లు డబ్బు ఆలస్యం చేసినా, పక్క జోన్‌లో ధర ఎక్కువ పలికినా, గెలను అక్కడికి తోలుకునే హక్కును చట్టంలోనే రాయాలి. తూకం, నూనె శాతం రైతుల ఎదుట, మిల్లుకు సంబంధం లేనివారు తేల్చాలి. 2021లో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో ఆమోదించిన ఆయిల్‌పామ్ పథకం కింద కొత్త తోటలు వేయిస్తున్నారు. వేసేవారికి ఈ షరతులన్నీ మొక్క గుంటలో పెట్టకముందే చెప్పాలి.