లారీ తోలేది మనోడే.. తోలించేది కరువే!

దేశంలో డ్రైవర్లు దొరకడం లేదట! 22 లక్షల మంది డ్రైవర్ల కొరత ఉందని కేంద్ర రోడ్డు రవాణా మంత్రి నితిన్ గడ్కరీ ఎన్నోసార్లు చెప్పారు. లారీ యజమానుల సంఘాలదీ అదే పాట. బండ్లున్నాయి, లోడ్లున్నాయి, తోలేవాడే లేడంటారు. దానికి ఢిల్లీ చెప్పే మందు ఒక్కటే: శిక్షణ కేంద్రాలు పెడతాం, కొత్తవాళ్ళకు నేర్పిస్తాం!

అనంతపురం పల్లెల్లో ఈ మాట చెప్తే నవ్వుతారు. శింగనమల నుంచి మడకశిర దాకా ఏ ఊరి రచ్చకట్ట దగ్గర అడిగినా హెవీ లైసెన్సు జేబులో ఉన్నవాళ్ళు కనపడతారు. వాళ్ళలో కొందరు లారీ దిగి ఆటో తోలుతున్నారు. కొందరు బెంగళూరు అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర యూనిఫాం వేసుకొని నిలబడుతున్నారు. వాళ్ళకు డ్రైవింగు రాక కాదు, ఆ బతుకు బతకలేక దిగారు. మరి కొరత దేనికి? తోలేవాళ్ళకా, తోలేవాణ్ణి మనిషిగా చూసేవాళ్ళకా?

చెనిక్కాయ పాయె.. స్టీరింగు వచ్చె

మన జిల్లాలో మగపిల్లోడు లారీ ఎక్కింది సరదాకు కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే అదే గొప్ప అనుకునే నేల ఇది. ఒకప్పుడు ఇరవై లక్షల ఎకరాల దాకా చెనిక్కాయ వేసిన రైతు, వాన మొహం చాటేసిన ప్రతి ఏడూ విత్తనం అప్పు కూడా తీర్చలేక కూలబడ్డాడు. వెయ్యి అడుగులు బోరు వేసి దుమ్ము చూసినవాళ్ళెందరో! ఉపాధి హామీ పథకాన్ని దేశంలో ఎక్కడ ప్రారంభించాలా అని వెతికి, 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి నిలబడింది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. అంటే ఈ నేల మీద పని లేదని సాక్షాత్తూ భారత ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు!

1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్ళలో సీమకు, నెల్లూరుకు ముందు వాటా అని పెద్దలు రాసుకున్నారు. ఆ రాతను నమ్మి తాతలు పొలం పట్టుకొని కూర్చున్నారు. హంద్రీ-నీవా నీళ్ళు జీడిపల్లి రిజర్వాయరు చేరేసరికి 2012 వచ్చింది. మధ్యలో గడిచిన డెబ్బై అయిదేళ్ళలో మూడు తరాలు ఊరు విడిచాయి. ఆడవాళ్ళు కూలికి, చదివినవాళ్ళు బెంగళూరికి, చదువు మధ్యలో ఆపినవాళ్ళు లారీకి! కాలువ రాని ఊరికి నేషనల్ హైవే వచ్చింది. పొలానికి నీళ్ళివ్వలేని పాలకులు పిల్లోడి చేతికి స్టీరింగిచ్చారు. ఇచ్చి ఊరుకున్నారు.

ఎర్రమట్టి రోజులు గుర్తున్నాయా? డి.హీరేహాళ్ మండలం ఓబుళాపురం, పక్కనే బళ్ళారి గనులు.. రాయదుర్గం వైపు పగలూ రాత్రీ లారీలే. ఫైనాన్సు కంపెనీలు ఇంటికొచ్చి అప్పులిచ్చాయి. పొలం తాకట్టు పెట్టి లారీ కొన్నవాళ్ళున్నారు. ఇక్కడ ఓబుళాపురం గనులు ఆగాయి. 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్ళారి గనులకూ బ్రేకు వేసింది. అక్రమ తవ్వకం ఆగాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ గనిలో సంపాదించినవాళ్ళ మేడలు కదల్లేదు. కదలకుండా నిలబడిపోయింది కంతు కట్టాల్సిన లారీ. రోడ్డున పడింది దాని డ్రైవరు.

క్లీనరుగా ఎక్కి డ్రైవరుగా దిగేలోపు

ఈ ఉద్యోగానికి నోటిఫికేషన్ ఉండదు, హాల్ టికెట్టు ఉండదు. మేనమామో, పక్కింటి అన్నో క్లీనరుగా ఎక్కిస్తాడు. టైర్లు తట్టి గాలి చూడాలి. పట్టా కప్పి తాడు బిగించాలి. రివర్సుకు వెనక నిలబడి కేకెయ్యాలి. రాత్రి డ్రైవరుకు కన్ను అంటుకోకుండా మాట్లాడుతూ కూర్చోవాలి. తేలికపాటి వాహనం లైసెన్సు చేతికొచ్చాక కనీసం ఏడాది ఆగితే గానీ పెద్ద బండి లైసెన్సుకు పోవడానికి లేదు. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధనను 2019లో ఎత్తేశారు. చదువు మానేసినోడికి మేలు చేశామని చెప్పుకున్నారు. చదువు ఎందుకు మానేశాడని మాత్రం ఎవరూ అడగలేదు.

లైసెన్సు వచ్చాక ఓనరు తాళం ఇస్తాడు. కాగితం ఇవ్వడు. నియామక పత్రం ఉండదు, జీతం చీటీ ఉండదు, పీఎఫ్ ఉండదు. ట్రిప్పుకు ఇంత, బత్తా ఇంత అని నోటి మాట. డీజిల్ తక్కువ వస్తే కోత, సరుకు చెడితే కోత. ట్రిప్పు దొరక్క అన్‌లోడింగు పాయింటు దగ్గర మూడు రోజులు పడుంటే ఆ మూడు రోజులకు లెక్కే లేదు. దారి పొడవునా చేతులు చాచేవాళ్ళకు మామూళ్ళు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. చెక్‌పోస్టు పోయింది గానీ చెయ్యి పోలేదు! సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2020లో పది నగరాల్లో డ్రైవర్లను అడిగి విడుదల చేసిన నివేదిక చూడండి. ఈ మామూళ్ళ మొత్తం దేశంలో ఏడాదికి దాదాపు 48 వేల కోట్ల రూపాయలని అంచనా కట్టింది. మావాళ్ళను ఈ పనిలోకి రమ్మని చెప్పం అన్న డ్రైవర్లు నూటికి 84 మంది. మంత్రిగారు వెతుకుతున్న 22 లక్షల మంది ఎక్కడికి పోయారో ఈ ఒక్క అంకె చెప్తుంది.

లెక్క మీరే వెయ్యండి

కక్కలపల్లి మార్కెట్లో టమోటా, అనంతపురం యార్డులో చీనీకాయ ఎత్తిన లారీ ఢిల్లీ చేరాలంటే సుమారు రెండు వేల కిలోమీటర్లు. ఘాట్లు, టోల్ గేట్లు, ఊళ్ళ ట్రాఫిక్కు కలుపుకొని సగటున గంటకు నలభై కిలోమీటర్లు పోతుందనుకుందాం. యాభై గంటల డ్రైవింగు. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలే పని అంది. దూరపు రూట్లయితే పది దాకా ఒప్పుకుంది. రవాణా బండి తోలే ఎవరికైనా ఇవే గంటలని 1988 మోటారు వాహనాల చట్టం 91వ సెక్షను కూడా చెప్పింది. రోజుకు పది గంటల చొప్పున అయిదు రోజులు పడుతుంది. టమోటా అయిదు రోజులు ఆగుతుందా? మండీ వ్యాపారి ఆగుతాడా? మూడు రోజుల్లో దించాలంటే ఒక్క మనిషి రోజుకు దాదాపు పదిహేడు గంటలు తోలాలి. లేదా బండిలో ఇద్దరు డ్రైవర్లుండాలి.

ఆ గంటల లెక్క ప్రకారం ఇద్దరుండాలి. కిరాయి మాత్రం ఒక్కడికే సరిపోతుంది. మొదట రెండో డ్రైవరు పోయాడు, తర్వాత క్లీనరూ పోయాడు. ఇప్పుడు తోలేదీ, టైరు మార్చేదీ, సరుకుకు కాపలా పడుకునేదీ ఒక్కడే. వాడు కునుకు తీస్తే రాత్రంతా దొంగల భయం, తియ్యకపోతే తెల్లారి డివైడరు. రేపు పేపర్లో ఏం రాస్తారు? 'డ్రైవరు నిద్రమత్తే ప్రమాదానికి కారణం!' నిద్ర పోనివ్వనిది ఎవరో ఏ ఎఫ్‌ఐఆర్‌లోనూ రాయరు.

2020 సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు బయలుదేరింది. నాయకులు జెండా ఊపారు, ఫొటోలొచ్చాయి. మంచిదే. కానీ అంతకు ముందు ఎన్నో ఏళ్ళుగా ఆ చీనీని, ఆ టమోటాను ఉత్తరాదికి మోసిందెవరు? కరోనా లాక్‌డౌన్‌లో హోటళ్ళు మూసేస్తే రొట్టె ముక్కతో బండి నడిపిందెవరు? తాడిపత్రి బండలు, సిమెంటు దేశం మీదికి పోతున్నది ఎవరి చేతుల మీద? ఎర్రమంచిలో 2019లో మొదలైన కియా కార్లు ఊరూరికీ చేరాలన్నా బండి తోలేవాడు కావాలి. వాళ్ళెవరికీ ఏ జెండా ఊపలేదు.

ఐదుగురి చట్టం పదికెక్కింది

ఇక అసలు దగా వినండి. 1961 చట్టంలో సెలవు, విశ్రాంతి గది, యూనిఫాం, వైద్యం లాంటి హక్కులు రాశారు. అయితే ఐదుగురు, అంతకు మించి పనిచేసే సంస్థకే ఆ చట్టం అన్నారు. మన దగ్గర ఒకటీ రెండు లారీల ఓనర్లే ఎక్కువ. వాళ్ళ దగ్గర పనిచేసేవాడికి ఆ చట్టం అప్పుడే దూరం. ఇప్పుడు ఆ చట్టాన్ని 2020 వృత్తి భద్రతా కోడ్‌లో కలిపేశారు. 2025 నవంబరు 21న కోడ్ అమల్లోకి వచ్చింది. ఐదును పది చేశారు! సంస్కరణ అంటే ఇదన్నమాట. నియామక పత్రం తప్పనిసరి అని ఒక చేత్తో రాసి, పది మంది లేని చోట అడగొద్దని రెండో చేత్తో తుడిచేశారు.

కాగితం లేకపోతే ఏమవుతుంది? డ్రైవరు చనిపోయిన రోజున తెలుస్తుంది. పనిలో చనిపోయినవాడి కుటుంబానికి పరిహారం 1923 నుంచీ ఉన్న హక్కు. ఆ పరిహారం లారీ ఇన్సూరెన్సులోనే కలిసి ఉండాలని మోటారు వాహనాల చట్టం చెప్తుంది. ఆ డబ్బు ఓనరు జాలిపడి ఇచ్చే దానం కాదు. ఈ సంగతి ఎంతమంది భార్యలకు తెలుసు? తెలిసి కోర్టుకు పోయినా మొదటి ప్రశ్న: మీ ఆయన ఈ లారీ డ్రైవరని రుజువేదమ్మా? పదేళ్ళు తోలిన బండికి అతను ఎవరో కాగితం చెప్పదు. చివరికి అంత్యక్రియల ఖర్చు చేతిలో పెట్టి రాజీ పత్రం మీద వేలిముద్ర తీసుకుంటారు.

హక్కులప్పుడు కనపడని డ్రైవరు శిక్షలప్పుడు మాత్రం స్పష్టంగా కనపడతాడు. కొత్త భారతీయ న్యాయ సంహిత 106(2)లో, ప్రమాదం చేసి పోలీసులకు చెప్పకుండా పోతే పదేళ్ళ దాకా జైలు అన్నారు. ప్రాణం పోయిన ఇంటి దుఃఖం మనకు తెలియంది కాదు, గాయపడినవాణ్ణి వదిలి పోవడం తప్పే. కానీ ఆగిన డ్రైవరును జనం ఏం చేస్తారో హైవే పక్క ఊళ్ళవాళ్ళకు తెలుసు. ఆగితే దెబ్బలు, పోతే పదేళ్ళు! 2024 జనవరి మొదట్లో దేశమంతా లారీలు నిలిచాయి, పెట్రోలు బంకుల్లో క్యూలు పెరిగాయి. రెండో రోజే కేంద్ర హోం శాఖ దిగొచ్చి చర్చించకుండా అమలు చెయ్యం అంది. 2024 జూలై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క సెక్షనును పక్కన పెట్టారు. డ్రైవరు బండి ఆపితే ఢిల్లీ వింటుందని ఆ రెండు రోజులు నేర్పాయి.

చిన్న ఓనరుతో మనకు పగ లేదు

ఒక లారీ ఓనరు నిన్నటి డ్రైవరే. కంతు, డీజిలు, టైర్లు, టోలు పోను మిగిలేది ఆయనకూ తెలుసు. కిరాయి నిర్ణయించేది ఆయన కాదు. సరుకు పెద్ద కంపెనీది, కమీషను బ్రోకరుది, రేటు వాళ్ళది. మీటరు ఆటోకు ప్రభుత్వం రేటు కడుతుంది గానీ, దేశం సరుకు మోసే లారీకి ఇంతకు తక్కువ కిరాయి ఇవ్వరాదన్న అడుగు రేటు లేదు. అందుకే కత్తెర పడేది చివరి మనిషి మీద. ఇద్దరినీ కొట్లాటకు పెట్టి మధ్యలో తినేవాణ్ణి నిలదియ్యాలి.

రాష్ట్రం సంగతి? 2025 అక్టోబరులో ఆటో, క్యాబ్ డ్రైవర్లకు ఏడాదికి పదిహేను వేలు ఇచ్చే పథకం మొదలుపెట్టారు. వాళ్ళకు ఇవ్వాల్సిందే. సొంత బండి లేని లారీ డ్రైవరు ఆ జాబితాలో ఎక్కడా లేడు. కేంద్రం 2025 నుంచి కొత్త లారీలకు ఏసీ క్యాబిన్ అంది. బాగుంది, పాత లారీలో మే నెల ఇంజను వేడి భరించేవాడి మాటేమిటి? హైవేల మీద వెయ్యి విశ్రాంతి భవనాలు కడతామని 2024 ఫిబ్రవరిలో ప్రధాని ప్రకటించారు. గుత్తి నుంచి కొడికొండ దాకా పోయి చూడండి. డ్రైవరు నిశ్చింతగా బండి నిలిపి, స్నానం చేసి, నాలుగు గంటలు పడుకునే చోట్లు ఎన్ని కనపడతాయో లెక్కపెట్టి చెప్పండి!

మనం అడగాల్సింది దయ కాదు, ఇవీ:

ఒక్క లారీ ఉన్నా సరే, తోలేవాడికి నియామక పత్రం. పది మంది షరతు రద్దు.
రాష్ట్రాలు దాటే ప్రతి లోడుకు ఇద్దరు డ్రైవర్లు. ఆ ఖర్చు సరుకు యజమాని కిరాయిలోనే.
లారీకి అడుగు కిరాయి.
జాతీయ రహదారి 44, 67ల మీద మన రెండు జిల్లాల్లో కాపలా ఉన్న విశ్రాంతి స్థలాలు.
డ్రైవరు చనిపోయిన ప్రతి కేసులో కుటుంబం తిరగకుండా కార్మిక శాఖే పరిహారం దావా వెయ్యాలి.

ఉద్యోగ మిత్రులారా! మీకు సర్వీసు రిజిస్టరుంది, క్యాజువల్ లీవుంది, సంఘముంది. మీ అన్నదమ్ముల్లో ఒకడికి ఆ మూడూ లేవు. మీ సంఘం ఆఫీసులో డ్రైవర్లకు ఒక బల్ల వెయ్యండి, ఒక అర్జీ రాసిపెట్టండి. విద్యార్థులారా! మీ ఊళ్ళో ఎంతమంది డ్రైవర్లున్నారో, ఎంతమందికి కాగితముందో, ఎన్ని ఇళ్ళకు పరిహారం రాలేదో సెలవుల్లో రాసుకు రండి. ప్రభుత్వం దగ్గర లేని లెక్కను మనం తయారు చేద్దాం. నీళ్ళ లెక్కలు మనం చెప్పేదాకా ఎవరూ చెప్పలేదు. ఈ లెక్కా అంతే.

డ్రైవరన్నలారా! రోడ్డే మీ కార్ఖానా. కార్ఖానాలో కార్మికుడికి ఏమేం దక్కాలో అవన్నీ మీకూ దక్కాలి. 2024 జనవరిలో శిక్ష వద్దని బండి ఆపారు. ఇక హక్కు కోసం ఆపండి!